కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ ఎందుకు తీసుకోదు? పాత కారు కరెంటు లోపాల అసలు సంగతి

తాళం తిప్పితే టక్ మని ఒక్క శబ్దం, అంతే. డాష్‌బోర్డు లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, ఇంజన్ మాత్రం కదలదు. బ్యాటరీ పాతబడిందనుకుని కొత్తది వేస్తారు. నాలుగు రోజులు బాగానే నడుస్తుంది, ఆ తర్వాత మళ్లీ అదే టక్. ఈసారి సెల్ఫ్ మోటార్ విప్పుతారు. ఆ పైన ఇగ్నిషన్ స్విచ్ మారుస్తారు. చివరికి ఎవరో బ్యాటరీ నెగటివ్ వైరును బాడీకి బిగించిన బోల్టు ఊడదీసి, తుప్పు గీకి, మళ్లీ బిగిస్తే బండి ఒక్క తిప్పుకే అందుకుంటుంది. అంతకుముందు మార్చి పారేసిన సామాన్లన్నీ నిక్షేపంగా ఉన్నవే.

పదిహేను, ఇరవై ఏళ్లు దాటిన కారుకు కరెంటు సమస్య వస్తే మనం అడిగే మొదటి ప్రశ్న 'ఏ పార్టు పోయింది?' అనే. పార్టులు పోవని కాదు గానీ, వాటికంటే ముందే ముసలివయ్యేవి జాయింట్లు. కరెంటు వెళ్లే దారిలో, తిరిగొచ్చే దారిలో ఉన్న బోల్టులు, పిన్నులు, క్లిప్పులు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే పాత కారు చేసే వింత చేష్టల్లో చాలా వాటికి లెక్క దొరుకుతుంది.

వోల్టులు, ఆంపియర్లు, బాడీ గుండా తిరుగు ప్రయాణం

కారు బ్యాటరీని 12 వోల్టులదంటాం. లోపల ఆరు గదులుంటాయి, ఒక్కోటి 2.1 వోల్టుల దాకా ఇస్తుంది. అందుకే నిండా ఛార్జ్ అయి కొన్ని గంటలు కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 నుంచి 12.7 చూపిస్తుంది. 12.2 దగ్గరకొస్తే సగం ఖాళీ అయినట్టు. 12.0 కంటే దిగితే ఇక అడుగున కాస్తే మిగిలినట్టు. కరెంటు కొలిచే మీటరులో '12' కనపడగానే బ్యాటరీ బాగుందని తేల్చేస్తే మొదటి అడుగులోనే దారి తప్పుతాం.

వోల్టు అంటే కరెంటును నెట్టే బలం. ఆంపియరు అంటే నిజంగా పారే కరెంటు ఎంతో చెప్పే కొలత. దారిలో తగిలే అడ్డాన్ని ఓమ్‌లలో కొలుస్తాం. ఈ మూడింటికీ ఉన్న సంబంధం చాలా చిన్నది: పారే ఆంపియర్లను అడ్డంలోని ఓమ్‌లతో గుణిస్తే, ఆ అడ్డం దగ్గర ఎన్ని వోల్టులు ఖర్చయిపోతాయో వస్తుంది. అలా ఖర్చయినవి లైటుకో మోటారుకో చేరవు, ఆ జాయింటును వేడెక్కించడానికే సరిపోతాయి.

ఇంట్లో బల్బుకు రెండు వైర్లు వెళ్తాయి. కారులో చాలా వాటికి ఒక్కటే వెళ్తుంది. తిరిగొచ్చే దారి కారు ఇనుప బాడీయే. బల్బు హోల్డర్ నుంచి ఒక పొట్టి వైరు దగ్గర్లోని రేకుకు బిగించి ఉంటుంది, దాన్నే ఎర్త్ అంటాం. బ్యాటరీ నెగటివ్ ఒక లావు వైరుతో బాడీకి, అక్కడి నుంచి మరో అల్లిక పట్టీతో ఇంజన్‌కు కలుస్తుంది. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి ఆ పట్టీ లేకపోతే ఇంజన్‌కు బాడీతో సరైన కలయికే ఉండదు. (1960ల దాకా వచ్చిన చాలా బ్రిటిష్ కార్లలో బాడీకి కలిపింది పాజిటివ్ వైపు. అలాంటి బండి అయితే ఇక్కడ చెప్పే గుర్తులన్నీ తిరగేసి చదువుకోవాలి.)

తయారీలో డబ్బు, రాగి రెండూ ఆదా చేసిన ఈ ఏర్పాటుకు వయసు మీద పడ్డాక బలహీనత బయటపడుతుంది. ఇనుప రేకు, రాగి వైరు, తగరం పూత ఉన్న టర్మినల్, మధ్యలో తేమ. ఇనుముకు తుప్పు, రాగికి పచ్చటి చిలుము. బోల్టు బయటికి గట్టిగానే కనిపిస్తుంది, కింద మాత్రం పొర కడుతుంది.

ఒకే జాయింటు లైటుకు మంచిది, సెల్ఫ్‌కు చెడ్డది ఎలా అవుతుంది

అలాంటి ఎర్త్ బోల్టు దగ్గర 0.02 ఓమ్‌ల అడ్డం పేరుకుందనుకుందాం. ఓమ్‌లో యాభయ్యో వంతు, మామూలు మీటరు కొలవలేనంత తక్కువ. రెండు హెడ్‌లైట్లు కలిపి సుమారు 10 ఆంపియర్లు తీసుకుంటాయి. 10 × 0.02 అంటే 0.2 వోల్టు పోయింది, కంటికి తేడా తెలియదు. అదే దారిలో సెల్ఫ్ మోటార్ 150 ఆంపియర్లు అడుగుతుంది. 150 × 0.02 అంటే 3 వోల్టులు మాయం. ఆ క్షణంలో బ్యాటరీయే 10.5కు వంగి ఉంటుంది కాబట్టి మోటారుకు మిగిలేది ఏడున్నర. (మోటారుకు వోల్టులు తగ్గితే అది లాగే ఆంపియర్లూ మారతాయి, కాబట్టి అసలు అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది. విషయం మాత్రం అదే.) పది మంది నడిచినప్పుడు ఇరుకని తెలియని గుమ్మం, జాతర జనం ఒక్కసారి మీద పడితే ఎలా బిగుసుకుపోతుందో అలాగన్నమాట.

లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి ఎర్త్ బాగుందనే తర్కం ఇక్కడే బోల్తా కొడుతుంది. కొత్త బ్యాటరీ నాలుగు రోజులు పనిచేయడానికి కారణమూ ఇదే. పాత బ్యాటరీ సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.8కి పడిపోయేది, కొత్తది 10.8 దగ్గర నిలబడింది. ఆ ఒక్క వోల్టు ఎక్కువ రావడంతో జాయింటు లోపం తాత్కాలికంగా కప్పుకుపోయింది. రోగం తగ్గిందని మనం సంబరపడ్డాం, తుప్పు తన పని తాను చేసుకుపోయింది.

హెడ్‌లైట్లు మసకబారడం కూడా ఈ కోవలోదే. తీగ బల్బు వెలుతురు వోల్టులతో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. బల్బుకు చేరే వోల్టులు 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం తగ్గుతుంది. వెలుతురు చాలట్లేదని 60 వాట్ల బల్బు తీసి 100 వాట్లది వేస్తే ఆంపియర్లు పెరుగుతాయి, అదే జాయింటులో పోయే వోల్టులూ పెరుగుతాయి, స్విచ్ కాలుతుంది. కొందరు బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగి రిలే పెట్టించడమే మార్గమంటారు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే అయస్కాంత స్విచ్, దాని కాయిల్‌కు ఆంపియరులో ఐదో వంతు సరిపోతుంది కాబట్టి డాష్‌బోర్డు స్విచ్ మీద భారం పోతుంది. మరికొందరు, ముఖ్యంగా కారును కంపెనీ వదిలినట్టే ఉంచాలనుకునేవారు, ఉన్న జాయింట్లు శుభ్రం చేస్తే చాలంటారు. రెండూ సబబే. మొదట కొలిచి చూస్తే ఎక్కడ ఎంత పోతోందో తెలుస్తుంది, అప్పుడు వాదన దానంతటదే తగ్గుతుంది.

మీటరు నిజం చెబుతూనే తప్పుదారి పట్టించేది ఇక్కడ

వెనక లైటు వెలగట్లేదు. హోల్డర్ ఊడదీసి మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తోంది. కరెంటు వస్తోంది కదా, బల్బే పోయింది అనుకుని కొత్త బల్బు పెడితే అదీ వెలగదు. మీటరు అబద్ధం చెప్పలేదు. దాని లోపలి అడ్డం సాధారణంగా కోటి ఓమ్‌లు, అది దాదాపు కరెంటేమీ తాగదు. దారిలో ఎక్కడో చిలుము పట్టిన పిన్ను 1,000 ఓమ్‌ల అడ్డం పెడుతున్నా కోటి పక్కన వెయ్యి లెక్కలోకి రాదు, 12 అలాగే కనిపిస్తుంది. 5 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని అడ్డం సుమారు 29 ఓమ్‌లే. వెయ్యి పక్కన 29 పెట్టి లెక్కేస్తే బల్బుకు దక్కేది మూడో వంతు వోల్టు.

ఓమ్‌ల సెట్టింగ్‌లో కొలిచినా ఇదే చిక్కు. ఇరవై పోగుల వైరులో పంతొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా మీటరు దాదాపు సున్నా చూపిస్తుంది, ఎందుకంటే అది పంపేది అతి చిన్న కరెంటు. ఆ ఒక్క పోగు మీదుగా సెల్ఫ్ మోటారుకు సరిపడా కరెంటు పారదు.

అందుకే అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు లోడ్, అంటే కరెంటు తాగే లైటో మోటారో, నడుస్తుండగా కొలుస్తారు. దారి ఒక చివర మీటరు పిన్ను ఒకటి, రెండో చివర మరొకటి పెట్టి, ఆ ముక్కలో ఎన్ని వోల్టులు పోతున్నాయో చూస్తారు. దీన్నే వోల్టేజ్ డ్రాప్ పరీక్ష అంటారు. ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా కొలిస్తే బ్యాటరీ రెండు టర్మినళ్ల మధ్య 10.6 ఉంది. సెల్ఫ్ మోటార్ లావు వైరుకూ దాని ఒంటికీ మధ్య 8.0 మాత్రమే. అంటే 2.6 వోల్టులు దారిలో పోయాయి. బ్యాటరీ పాజిటివ్ నుంచి మోటారు దాకా కొలిస్తే 0.3, అది పర్వాలేదు. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్ దాకా 2.3, దొంగ ఈ వైపున్నాడు. ఇంకా ముక్కలు చేస్తే బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి 0.1, బాడీ నుంచి ఇంజన్‌కు 2.2. బ్యాటరీ, మోటారు రెండూ నిర్దోషులు, ఇంజన్ ఎర్త్ పట్టీ ఒక్కటే పాడైంది. ఒక్క నట్టు విప్పకుండానే ఇదంతా తేలింది. ఎర్త్ జాయింటు దగ్గర 0.1 వోల్టు, సెల్ఫ్ దారి మొత్తం మీద అర వోల్టు మించకూడదనేది ఈ పనిలో అందరూ వాడే అంచనా.

మీటరా, టెస్ట్ లాంపా అనే వాదన ఎప్పటిదో. టెస్ట్ లాంపు అంటే రెండు కొసలకు వైర్లున్న మామూలు బల్బు. అది కాస్తయినా కరెంటు తాగుతుంది కాబట్టి పైన చెప్పిన వెయ్యి ఓమ్‌ల మోసాన్ని ఇట్టే పట్టేస్తుంది, మీటరు 12 చూపించిన చోట అది వెలగను కూడా వెలగదు. దాన్ని నమ్ముకున్న పాతకాలం చేతుల మాట అందుకే చెల్లుతుంది. కంప్యూటర్ ఉన్న కార్లకు మాత్రం ఆ గుణమే ముప్పు. కంప్యూటర్ నుంచి సెన్సర్లకు వెళ్లే సన్నటి వైర్ల మీద బల్బు పెడితే లోపలి భాగాలు కాలిపోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి వెళ్తే అది పేలే ప్రమాదం ఉంది. లైట్లు, హారన్, ఫ్యాను దగ్గర టెస్ట్ లాంపు, కంప్యూటర్ దగ్గర మీటరు అనే పంపకం సరిగ్గానే కుదురుతుంది.

ఎర్త్ తెగితే కరెంటు తొక్కే అడ్డదారులు

బ్రేకు తొక్కితే డాష్‌బోర్డు లైట్లు మసగ్గా వెలుగుతాయి. ఇండికేటర్ వేస్తే వెనక లైటు కూడా దాంతో పాటు కొట్టుకుంటుంది. పాత కారున్నవారికి టెన్షన్ పెట్టే ఇలాంటి వింతల వెనక దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం ఉంటుంది.

వెనక బల్బులో రెండు తీగలుంటాయి. 21 వాట్లది బ్రేకుకు, 5 వాట్లది రాత్రి వెలిగే లైటుకు. రెండింటికీ కింద ఎర్త్ ఒక్కటే. ఎడమ వైపు ఎర్త్ తెగిందనుకోండి. బ్రేకు తొక్కగానే 21 వాట్ల తీగ గుండా కరెంటు కిందికి వస్తుంది, అక్కడ దారి మూసుకుని ఉంది. పక్కనే 5 వాట్ల తీగ తెరిచి ఉంది. దాని గుండా వెనక్కి ఎక్కి రాత్రి లైట్ల వైరులోకి చేరుతుంది. ఆ వైరు కుడి వైపు లైటుకు, నంబర్ ప్లేటు లైటుకు, డాష్‌బోర్డు బల్బులకు కలిసి ఉంటుంది, వాటి ఎర్త్‌లు బాగానే ఉన్నాయి. అలా తిరిగి తిరిగి బ్యాటరీకి చేరుతుంది. దారిలోని బల్బులన్నీ ఉన్న వోల్టులనే పంచుకుంటాయి కాబట్టి అన్నీ మసకగా వెలుగుతాయి, బ్రేకు లైటు మాత్రం వెలిగిందో లేదో తెలియదు. డాష్‌బోర్డు విప్పి వెతికితే ఏమీ దొరకదు, లోపం డిక్కీలో ఉంది.

ఇంతకంటే పెద్ద అడ్డదారి ఇంజన్ పట్టీ తెగినప్పుడు కనిపిస్తుంది. సెల్ఫ్ మోటార్ తాలూకు వంద పైచిలుకు ఆంపియర్లు తిరిగి వెళ్లడానికి ఇంజన్‌కూ బాడీకీ మధ్య మిగిలిన లోహం ఏదుంటే దాన్ని పట్టుకుంటాయి. యాక్సిలరేటర్ కేబులో, క్లచ్ కేబులో. అవి కరెంటు మోయడానికి చేసినవి కావు. వేడెక్కుతాయి, లోపలి ప్లాస్టిక్ కరుగుతుంది, కేబుల్ బిగుసుకుపోతుంది. క్లచ్ కేబుల్ మాటిమాటికీ పట్టేస్తోందంటే ఎర్త్ పట్టీ కూడా చూడాలన్న మాట విన్నవారికి మొదట నవ్వొస్తుంది గానీ అందులో అతిశయోక్తి లేదు.

కొన్ని పాత కార్లలో పెట్రోలు ముల్లు, వేడి ముల్లు రెండూ ఒకేసారి పైకి లేస్తాయి. రెండు సెన్సర్లు ఒకే రోజు పాడయ్యే అవకాశం తక్కువ. ఆ రెండు మీటర్లకూ సుమారు 10 వోల్టులు మాత్రమే వెళ్లేలా చూసే చిన్న స్టెబిలైజర్ డాష్‌బోర్డు వెనక ఉంటుంది. అది చెడినా, దాని ఎర్త్ వదులైనా మీటర్లకు పూర్తి వోల్టులు వెళ్తాయి. రెండు మూడు లోపాలు ఒకేసారి కనిపిస్తే వాటికి ఉమ్మడిగా ఉన్న వైరో ఎర్త్ పాయింటో ముందుగా అనుమానించాలన్నది ఇక్కడి తర్కం.

రాత్రి బాగున్న బ్యాటరీ పొద్దున్నే డౌన్ ఎందుకవుతుంది

దీనికి మూడు వేర్వేరు కారణాలున్నాయి. బ్యాటరీ తనలో తానే కరిగిపోవడం, కారులో ఏదో ఆగకుండా కరెంటు తాగడం, అసలు ముందురోజు ఛార్జే ఎక్కకపోవడం. మూడూ పొద్దున్న ఒకేలా కనిపిస్తాయి. నిండుగా ఛార్జ్ చేసి, రాత్రి నెగటివ్ టర్మినల్ తీసి పక్కన పెట్టినా పొద్దున్నకు డౌన్ అయితే తప్పు బ్యాటరీదే. టర్మినల్ తీస్తే బాగుండి, పెడితే డౌన్ అవుతుంటే కారు తాగుతోంది.

కారు ఆపినా గడియారం, అలారం, కంప్యూటర్ జ్ఞాపకం కొంచెం తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీఆంపియర్ల లోపు అయితే సాధారణంగా ఫర్వాలేదంటారు. 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ, అంటే ఆంపియరు చొప్పున 45 గంటలు ఇవ్వగలది, ఆ లెక్కన పూర్తిగా అడుగంటడానికి 900 గంటలు, అంటే 37 రోజులు పడుతుంది. సగం ఖాళీ అయ్యేసరికే సెల్ఫ్ నీరసిస్తుంది కాబట్టి ఆచరణలో రెండున్నర వారాలు. దీన్ని డాష్‌బోర్డు అర లోపల ఉండే 5 వాట్ల బల్బుతో పోల్చండి. మూత స్విచ్ అరిగి అది ఆరట్లేదనుకుందాం. 0.4 ఆంపియరు పైనే. 54 గంటల్లో సగం బ్యాటరీ ఖాళీ. మూత వేశాక లోపల లైటు వెలుగుతోందో లేదో మనకు కనిపించదు, అందుకే ఇది రోజుల తరబడి దొరకదు. డిక్కీ లైటు కూడా అంతే.

ఇది కొలవడానికి మీటరును నెగటివ్ వైరుకూ బ్యాటరీకీ మధ్య వరసలో పెట్టి ఆంపియర్లు చూస్తారు. ఒక్కో ఫ్యూజు పీకుతూ ఎక్కడ అంకె పడిపోతుందో గమనిస్తారు. పాతకాలం కార్లకు ఈ పద్ధతి తిరుగులేనిది. 1990ల తర్వాతి కార్లకు వచ్చేసరికి ఇంకో మాట వినిపిస్తుంది: ఫ్యూజు పీకి పెట్టగానే నిద్రపోయిన కంప్యూటర్లు మేలుకుని అంకెలను తారుమారు చేస్తాయి, కాబట్టి ఫ్యూజు కదపకుండా దాని నెత్తి మీదున్న రెండు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలవాలని. ఫ్యూజుకూ కొంత అడ్డం ఉంటుంది, కరెంటు పారుతుంటే మీటరు ఎంతో కొంత చూపిస్తుంది, పారకపోతే సున్నా. కారుకు తాళం వేసి అరగంటైనా ఆగాకే ఏ పద్ధతైనా నమ్మదగింది. మీటరు వరసలో ఉండగా సెల్ఫ్ కొడితే మీటరు లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది, దాన్ని మించి ఏమీ తేలదు.

ఫ్యూజులన్నీ పీకినా అంకె తగ్గకపోతే? అప్పుడు ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి కలిసిన లావు వైర్ల వైపు చూడాలి. ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ అందులో ముఖ్యమైనది.

ఛార్జింగ్ లైటు ఆరింది, అయినా ఛార్జ్ ఎక్కదు

చాలామంది ఇప్పటికీ డైనమో అనే పిలిచే ఆల్టర్నేటర్ కార్లలో విరివిగా రావడం 1960లో క్రిస్లర్ వాలియంట్‌తో మొదలైంది. లోపల పుట్టేది అటూ ఇటూ మారే కరెంటు. దాన్ని ఒకే వైపు పారేలా చేసేవి డయోడ్లు, అంటే కరెంటుకు వన్‌వే గేట్లు. ఒక డయోడ్ పాడైతే పగలు ఛార్జింగ్ నీరసిస్తుంది, రాత్రి బ్యాటరీలోని కరెంటు ఆ గేటు గుండా వెనక్కి కారిపోతుంది. ఇంజన్ ఆపి గంటలైనా ఆల్టర్నేటర్ గోరువెచ్చగా ఉంటే ఇదే అనుమానం. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మీటరును ఏసీ (అటూ ఇటూ మారే కరెంటు) సెట్టింగ్‌లో పెడితే అర వోల్టు పైన కనిపించడం మరో గుర్తు.

ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. 15 దాటుతుంటే ఆల్టర్నేటర్ వోల్టులను హద్దులో ఉంచే రెగ్యులేటర్ అదుపు తప్పింది, బ్యాటరీలో నీళ్లు ఉడికి ఇంకిపోతాయి. ఛార్జింగ్ లైటును మాత్రం పూర్తిగా నమ్మలేం. ఆ బల్బుకు ఒక వైపు బ్యాటరీ, రెండో వైపు ఆల్టర్నేటర్ ఉంటాయి. రెండు వైపులా వోల్టులు సమానమైతే ఆరిపోతుంది, అంతకుమించి అది చెప్పేదేమీ లేదు. ఆల్టర్నేటర్ వెనక 14.4 ఉండి, తుప్పు పట్టిన వైరు వల్ల బ్యాటరీకి 13.2 మాత్రమే చేరుతున్నా చాలా కార్లలో లైటు ఆరే ఉంటుంది. బ్యాటరీ ఎప్పటికీ నిండదు. ఇంకో సంగతి, పాత కార్లలో ఆల్టర్నేటర్ మేలుకోవడానికి కావలసిన తొలి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. తాళం ఆన్ చేసినా ఆ లైటు అసలు వెలగట్లేదంటే, ఆ చిన్న బల్బు మాడినందుకే ఛార్జింగ్ ఆగి ఉండొచ్చు.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టర్మినల్ పీకి, బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టేననే పరీక్ష ఒకటి ఇంకా ప్రచారంలో ఉంది. ఆల్టర్నేటర్‌కు ముందున్న అసలు డైనమోల కాలంలో పుట్టిన అలవాటు అది. ఆల్టర్నేటర్ పూర్తి లోడ్ మీద ఉండగా బ్యాటరీ తెగితే ఒక్క క్షణం వోల్టులు వంద దరిదాపులకు ఎగబాకగలవు. కంప్యూటర్ లేని కారులో రెగ్యులేటరో బల్బులో పోతాయి, ఉన్న కారులో నష్టం పెద్దది. రూపాయి మీటరు చేసే పనికి ఇంత సాహసం ఎందుకో అర్థం కాదు.

ఫ్యూజు కాపాడేది వైరును

మాటిమాటికీ ఎగిరిపోతోందని 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు తీసి 30 ఆంపియర్ల పచ్చ ఫ్యూజు పెట్టేవారున్నారు. ఫ్యూజు ఉన్నది రేడియోనో వైపర్ మోటారునో కాపాడటానికని అనుకోవడం వల్ల వచ్చే పొరపాటిది. ఆ వైరు ఎంత లావుందో దాన్ని బట్టి ఫ్యూజు నిర్ణయిస్తారు. 10కి సరిపడే వైరులో 25 ఆంపియర్లు పారితే 30 ఫ్యూజు కదలదు, వైరే వేడెక్కి పక్కనున్న వైర్ల తొడుగుల్ని కూడా కరిగిస్తుంది. షార్ట్ ఒక చోట ఉండేది, పది చోట్లకు పాకుతుంది.

ఉన్నట్టుండి వచ్చి, చూపించబోతే మాయమయ్యే లోపాలు

అన్నిటికంటే విసిగించేవి ఇవి. మెకానిక్ ముందు పెట్టగానే కారు బుద్ధిగా నడుస్తుంది. వీటిని రెచ్చగొట్టేవి మూడు: వేడి, అదురు, తేమ. ఎప్పుడు వస్తోందన్నది తెలిస్తే ఎక్కడన్నది సగం తెలిసినట్టే. అరగంట నడిచాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయితే ఇగ్నిషన్ కాయిల్, లేదా పెట్రోలు పంపు రిలే లోపల వెంట్రుకంత చీలిన టంకం. గతుకుల్లోనే వస్తే వదులు పిన్ను. తలుపు తెరిచి మూస్తే అద్దం పనిచేసి ఆగితే తలుపు కీలు దగ్గరి రబ్బరు గొట్టం లోపల వంగి వంగి తెగిన వైరు, బయటి తొడుగు బాగానే ఉండి లోపలి రాగి మాత్రం తెగి ఉంటుంది. వైర్ల కట్టను చేత్తో కదుపుతూ మీటరు అంకె చూడటం మొరటుగా అనిపించినా ఇలాంటి చోట దాన్ని మించింది లేదు.

పాత యజమానులు తగిలించిన సామాన్ల సంగతి కూడా తలుచుకోవాలి. మ్యూజిక్ సిస్టమ్, అలారం, ఫాగ్ లైట్లు. వైరు తొడుగు గీరి, మరో వైరు మెలేసి, టేపు చుట్టిన జాయింటు కొన్నేళ్లకు జిగురు కారి ఊడుతుంది. డాష్‌బోర్డు కింద కంపెనీ రంగులకు చెందని వైరు కనిపిస్తే మొదటి అనుమానం దాని మీదే. ఇండికేటర్‌కు ఎల్ఈడీ బల్బు వేశాక అది గబగబా కొట్టుకోవడం మాత్రం లోపం కాదు. బల్బు మాడితే కరెంటు తగ్గుతుంది, ఆ తగ్గుదలను చూసి ఇండికేటర్‌ను కొట్టించే ఫ్లాషర్ వేగం పెంచి మనకు చెబుతుంది. ఎల్ఈడీ తక్కువ తాగడంతో అది బల్బు మాడిందనుకుంటుంది.

కోడ్ చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత

అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి ఒకే తరహా స్కానర్ సాకెట్ తప్పనిసరి అయింది. ఇప్పుడు అవీ పాత కార్లే. కారు కంప్యూటర్ గుర్తించిన లోపాన్ని కోడ్ రూపంలో చదివేది స్కానర్. అది పెడితే ఫలానా సెన్సర్ కోడ్ వచ్చింది కాబట్టి సెన్సర్ మార్చాలనేది ఒక ధోరణి. కోడ్ నిజానికి చెప్పేది ఆ సెన్సర్ దారిలో వోల్టులు హద్దు దాటాయని మాత్రమే, అందులో వైరు, పిన్ను, ఎర్త్ అన్నీ ఉన్నాయి. బ్యాటరీ నీరసంగా ఉంటే సంబంధం లేని కోడ్‌లు గుంపుగా వచ్చి పడటమూ మామూలే.

కోడ్ అసలు రాని లోపం ఇంకా తెలివైనది. ఇంజన్ వేడిని చెప్పే సెన్సర్‌కు వేడి పెరిగేకొద్దీ అడ్డం తగ్గుతుంది. చాలా కార్లలో వాడిన బాష్ కంపెనీ తరహా సెన్సర్‌లో 20 డిగ్రీల దగ్గర 2,500 ఓమ్‌లు, 60 దగ్గర 600, 80 దగ్గర 320 ఓమ్‌ల దాకా ఉంటుంది. కనెక్టర్‌లో చిలుము వల్ల మరో 280 ఓమ్‌లు కలిశాయనుకోండి. ఇంజన్ 80 డిగ్రీలకు చేరినా కంప్యూటర్‌కు 600 కనిపిస్తుంది, అది 60 డిగ్రీలే అనుకుంటుంది. ఇంకా వేడెక్కలేదని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. 60 అనేది నమ్మదగ్గ అంకే కాబట్టి కోడ్ రాదు. మైలేజీ పడిపోయిందని కారు యజమాని ఇంజక్టర్లు కడిగిస్తూ ఉంటాడు.

అతుకులు వేయాలా, వైరింగ్ మొత్తం మార్చాలా

పాడైన చోటే బాగుచేస్తే చాలనేవారు, రెండు మూడు చోట్ల లోపం దొరికిందంటే మిగతాదీ అదే వయసుదని మొత్తం మార్చమనేవారు ఇద్దరూ ఉన్నారు. తేల్చేది వైరు తొడుగు. వంచితే మెత్తగా వంగుతూ, జాయింట్ల దగ్గరే చిలుముంటే అతుకులతో ఏళ్ల తరబడి నడుస్తుంది. వంచగానే తొడుగు పెంకులా పగిలి రాలుతుంటే అతుకు వేసిన చోటు తప్ప మిగతాదంతా ముప్పే. 1990ల తొలి సగంలో వచ్చిన కొన్ని మెర్సిడెస్ మోడళ్లలో ఇంజన్ వైర్ల తొడుగు అలాగే పొడిపొడి అయ్యేది, అక్కడ ఇంజన్ వైరింగ్ కిట్ పూర్తిగా మార్చడం తప్ప దారి ఉండేది కాదు.

అతుకులోనూ టంకమా, క్రింపా (వైర్లను చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కడం) అని పట్టుదలలున్నాయి. టంకం కరెంటుకు మంచి దారి ఇస్తుంది, కాకపోతే కరిగిన టంకం పోగుల్లోకి పాకి వైరును కొంతమేర పుల్లలా గట్టిపరుస్తుంది, అదురుకు ఆ అంచు దగ్గర తెగుతుంది. సరైన పనిముట్టుతో నొక్కిన క్రింప్‌కు ఆ ఇబ్బంది లేదు. మామూలు ప్లయర్‌తో నొక్కితే మాత్రం అది కొన్నాళ్లకే వదులై, మనం మొదట వెతికిన జాయింటు లాంటిదే ఇంకొకటి తయారవుతుంది. మొత్తం వైరింగ్ మార్పించేటప్పుడు వైర్ల రంగుల సంగతి ముందే మాట్లాడుకోవాలి. కంపెనీ రంగుల ప్రకారమే వేస్తే ఆ కారు వైరింగ్ డయాగ్రమ్ తర్వాత కూడా పనికొస్తుంది. దొరికిన రంగు వైరు వాడేస్తే కారు నడుస్తుంది గానీ, వచ్చే లోపాన్ని వెతికేవాడికి ఆ డయాగ్రమ్ వల్ల ఉపయోగం ఉండదు.